మా దుకాణంలో ట్రిగ్గర్ మార్పించుకున్న మౌజర్ రైఫిళ్లను వెనక్కి పిలుస్తున్నాను

నమస్కారం.

గత ఏడాదిన్నర కాలంలో డాలస్‌లోని మా దుకాణంలో మౌజర్ 98 తరహా రైఫిల్‌కు కొత్త ట్రిగ్గర్ వేయించుకున్న ఇరవై ముగ్గురికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆ రైఫిల్‌ను మళ్లీ విప్పి చూసేవరకు దయచేసి అందులో తూటా పెట్టకండి. మీది జర్మనీ కె98కె అయినా, యుగోస్లావియా ఎం48 అయినా, చెక్ దేశపు వీజెడ్ 24 అయినా ఇదే మాట. తనిఖీకి, మరమ్మతుకు, మీరు కోరితే పాత ట్రిగ్గర్‌ను తిరిగి బిగించడానికి ఒక్క డాలరు కూడా తీసుకోను. తప్పు నాది కనుక ఖర్చూ నాదే. ఈ సంగతి మీలో చాలామందికి ఇప్పటికే ఫోన్‌లో చెప్పాను గానీ, కారణాన్ని వివరంగా చెప్పే తీరిక దొరకలేదు. మీరు చెల్లించిన డబ్బుకు ఆ వివరం నేను బాకీ పడి ఉన్నాను.

సెప్టెంబరు చివరి వారంలో హ్యూస్టన్ దగ్గర ఉండే మన కస్టమర్ ఒకరు స్నేహితుడి పొలంలో అడవి పందుల వేటకు వెళ్లారు. ఆయన చేతిలో ఉన్నది నేను ఆగస్టులో ట్రిగ్గర్ మార్చి ఇచ్చిన ఎం48. తూటాను లోపలికి నెట్టి, తూటా వెనుక గడియలా మూసుకునే బోల్ట్ పిడిని కిందికి వంచుతూ ఉండగా, వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో కూడా లేకుండానే రైఫిల్ పేలింది. గొట్టాన్ని నేల వైపు పెట్టి బోల్ట్ మూసే అలవాటు ఆయనకు ఉండబట్టి తూటా రెండడుగుల ముందు బురదలో దిగబడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన రైఫిల్ ఖాళీ చేసి, కారులో పెట్టి, అక్కడి నుంచే నాకు ఫోన్ చేశారు. కోప్పడలేదు. "అన్నా, ఇది నీ బల్ల మీద ఉన్నప్పుడు కూడా ఇలాగే ఉందా?" అని మాత్రం అడిగారు. మర్నాడు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి ఆ రైఫిల్‌ను నేనే తెచ్చుకున్నాను.

మౌజర్‌లో సైన్యం పెట్టిన అసలు ట్రిగ్గర్ గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. బోల్ట్ వెనుక, తూటాను పేల్చే పిన్నుకు తగిలించి ఉండే కాకింగ్ పీస్‌ను సియర్ అనే ముక్క కింది నుంచి అడ్డుకుని పట్టి ఉంచుతుంది, ట్రిగ్గర్ లాగితే ఆ సియర్ కిందికి దిగి కాకింగ్ పీస్‌ను వదులుతుంది. ట్రిగ్గర్ పైభాగాన రెండు బొడిపెలు ఉంటాయి. మొదటి బొడిపె సియర్‌ను చాలావరకు దించి ఆగుతుంది, అక్కడ వేలికి గోడలాంటి నిరోధం తగులుతుంది, ఆ తరువాత రెండో బొడిపె మిగిలిన పని పూర్తి చేస్తుంది. సియర్‌కూ కాకింగ్ పీస్‌కూ మధ్య పట్టు లోతుగా ఉంటుంది కనుక లాగవలసిన దూరం ఎక్కువ, లాగడానికి కావలసిన బలం, అంటే మేం బరువు అనేది, కూడా ఎక్కువే, చాలా రైఫిళ్లలో ఐదు నుంచి ఏడు పౌండ్ల వరకు ఉంటుంది. బురదలో పాకుతూ, మంచులో చేతి తొడుగులతో, కందకంలో ఒకరినొకరు తోసుకునే సైనికుడి చేతిలో రైఫిల్ పొరపాటున పేలకూడదన్నది దానిని రూపొందించిన వారి లెక్క. వంద గజాల దూరంలో కాగితం మీద మూడు తూటాలను ఒకేచోట పడేయాలనుకునే మనకు ఆ లెక్క నచ్చదు. అందుకే రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు వెంట తెచ్చుకున్న మౌజర్లకు కొత్త ట్రిగ్గర్లు తయారుచేసి అమ్మడం ఈ దేశంలో 1940లలోనే మొదలైంది.

ఈ కొత్త ట్రిగ్గర్లలో సియర్, స్ప్రింగ్, ట్రిగ్గర్ మూడూ ఒక చిన్న లోహపు పెట్టెలో కలిసి ఉంటాయి. లాగే బరువుకు ఒక స్క్రూ, పట్టు లోతుకు ఒక స్క్రూ, పేలిన తరువాత ట్రిగ్గర్ ఇంకెంత దూరం కదలాలన్నదానికి మరో స్క్రూ ఉంటాయి. పట్టు లోతును ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కొలుస్తాం. పలుచని గాజు ముక్క విరిగినంత తేలికగా ట్రిగ్గర్ వదలడం వెనుక ఉన్న రహస్యం ఇదే, ప్రమాదమూ ఇక్కడే ఉంది. పాత ట్రిగ్గర్ కొంచెం మొరాయించినా లోతైన పట్టు కాపాడుతుంది. కొత్తదానిలో ట్రిగ్గర్ వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి పూర్తిగా తన చోటికి తిరిగి రాకపోతే, సియర్ అంచు మీద మాత్రమే నిలుస్తుంది. అప్పుడు బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగిన కుదుపు చాలు, అది జారడానికి.

హ్యూస్టన్ రైఫిల్‌లో జరిగింది సరిగ్గా అదే. స్టాక్ నుంచి, అంటే రైఫిల్ చెక్క భాగం నుంచి, లోహ భాగాన్ని బయటికి తీసి చూస్తే ట్రిగ్గర్ చక్కగా పనిచేసింది. స్టాక్‌లో పెట్టి స్క్రూలు బిగించగానే తన చోటికి తిరిగి రావడానికి బద్ధకించింది. సైన్యం స్టాక్‌లో ఉన్న సందు పాత ట్రిగ్గర్ వెడల్పుకు సరిపడా తొలిచింది కనుక కొత్త పెట్టె పట్టడానికి నేను ఉలితో రెండు వైపులా చెక్క తీశాను. ఎడమ వైపు అర మిల్లీమీటరుకు మించి ఖాళీ వదలలేదు. అంతకుముందే ఆ స్టాక్‌లో దశాబ్దాలుగా ఇంకిపోయిన కాస్మోలీన్ గ్రీజును వేడిచేసి పిండేశాను, పైగా కొత్తగా తొలిచిన చెక్కకు నూనె గానీ వార్నిష్ గానీ పట్టించలేదు. ఎండిపోయిన చెక్క హ్యూస్టన్ గాలిలోని తేమను తాగి ఉబ్బింది, ట్రిగ్గర్ పక్కన ఒరుసుకుంది. లోహానికి దీపపు మసి పూసి, స్టాక్‌లో బిగించి, విప్పి చూస్తే, చెక్క మీద చిటికెన వేలి గోరంత నల్లటి మచ్చ కనిపించింది. మసి పూసి మారేడుకాయ చేయడం కాకుండా, మసి పూసి నిజం బయటపెట్టే పని మా వృత్తిలో ఇదొక్కటే.

నేను పరీక్షించకుండా ఇచ్చానని ఎవరూ అనుకోవద్దు. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా ఉంచి, స్టాక్ మీద రబ్బరు సుత్తితో అన్ని వైపులా కొట్టాను, బోల్ట్‌ను పదిసార్లు బలంగా మూశాను, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలి ఆ తరువాత సేఫ్టీ తీసి చూశాను. అన్నింటిలోనూ రైఫిల్ నెగ్గింది. కానీ ఆ పరీక్షలన్నీ ఏసీ గదిలో, బిగించిన రోజే చేశాను. చెక్క కదులుతుందన్న సంగతి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని నేర్చుకున్నవాడికి కొత్త కావచ్చు గానీ, తుపాకుల మరమ్మతు పదకొండేళ్లుగా చేస్తున్నవాడికి కాకూడదు. ఇంకొక మాట: కస్టమర్ కోరారని ఆ ట్రిగ్గర్‌ను రెండున్నర పౌండ్లకు దించాను. కోరింది ఆయనే అయినా కాదని చెప్పవలసింది నేను. ట్రిగ్గర్ తయారుచేసిన సంస్థ తప్పు ఇందులో ఏమీ లేదు, స్టాక్‌లో బిగించాక అన్ని వైపులా ఖాళీ ఉందో లేదో చూడాలని వారి కాగితంలో స్పష్టంగానే రాసి ఉంది.

ఇప్పుడు రైఫిల్ ఎలా తేవాలన్న విషయం. దగ్గరలో ఉన్నవారు స్వయంగా తీసుకురండి, దూరాన ఉన్నవారు పంపితే రానుపోను ఖర్చు నేను భరిస్తాను. మరమ్మతుకు లైసెన్సు ఉన్న దుకాణానికి మీ రైఫిల్ మీరే పంపవచ్చు, పని అయ్యాక నేను నేరుగా మీకే తిరిగి పంపవచ్చు, దానికి తుపాకీ కొన్నప్పుడు నింపే 4473 ఫారం కొత్తగా నింపనక్కరలేదు. అయితే రాత్రి మా దగ్గర ఉండిపోయే ప్రతి తుపాకీని రిజిస్టరులో ఎక్కించాలి, ఎవరి పేరున వచ్చిందో వారికే ఇవ్వాలి. బావమరిదినో రూమ్‌మేట్‌నో పంపి తెప్పించుకుంటామంటే కుదరదు.

మనవాళ్లలో చాలామంది హెచ్1బీ మీద ఉన్నారు కనుక ఒక విషయం గట్టిగా చెప్పాలి. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. మనలో ఎక్కువమందికి వర్తించే మినహాయింపు, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. టెక్సాస్ వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఫోన్లు చేస్తున్నప్పుడు తెలిసిందేమిటంటే మీలో ఇద్దరు ఈ ఏడాది ఇంకా కొత్తది తీసుకోలేదు. ముందు ఆ పని చూసుకుని, తరువాతే రైఫిల్ సంగతి చూడండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ బెడద లేదు.

ఇకపై పని తీరు మారుతుంది. తొలిచిన ప్రతి అంగుళం చెక్కకు నూనె పట్టించి ఆరబెడతాను, పెట్టె చుట్టూ ఖాళీ కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు ఉంచుతాను, బిగించిన రైఫిల్‌ను వారం పాటు తేమ పెట్టిన అలమారాలో ఉంచి పరీక్షలన్నీ మళ్లీ చేస్తాను. వేట రైఫిల్‌కు మూడున్నర పౌండ్లకు తక్కువ పెట్టను, అడిగి నొచ్చుకోవద్దు. అందువల్ల కూలీ తొంభై డాలర్ల నుంచి నూట నలభైకి పెరుగుతుంది, నాలుగు రోజుల పని మూడు వారాలు పడుతుంది. జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుందని తెలుసు. ఆలోగా ఇరవై మూడింటినీ పూర్తి చేయలేను, చేస్తానని మాట ఇవ్వలేను కూడా. తొందర ఉన్నవారికి పాత ట్రిగ్గర్ తిరిగి వేసి ఇస్తాను, అది ఒక పూట పని. మీ పాత భాగాలన్నీ పేర్లు రాసిన సంచుల్లో భద్రంగా ఉన్నాయి.

అయితే సంచిలో దాచలేనిది ఉలితో తీసిన చెక్క. దానివల్ల రైఫిల్ విలువ తగ్గుతుందని మొదట్లో కొందరికి చెప్పలేదు, అది కూడా నా తప్పుల చిట్టాలోదే. 1968 తుపాకుల నియంత్రణ చట్టం తరువాత సైనిక మిగులు రైఫిళ్ల దిగుమతి ఆగిపోయి, 1984 సవరణతో మళ్లీ మొదలై, ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాలు వెల్లువలా సాగింది. 2010 ప్రాంతంలో రష్యా మోసిన్ నాగాంత్ వంద డాలర్లకు అటూ ఇటుగా దొరికేది, రైఫిల్ కంటే ట్రిగ్గర్‌కే ఎక్కువ అవుతుందని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ధరలు లేవు. చెక్కుచెదరని స్టాక్ ఉన్న రైఫిల్‌కు, తొలిచిన స్టాక్ ఉన్నదానికి పాత రైఫిళ్లు సేకరించేవారు ఒకే ధర ఇవ్వరు. కాబట్టి తొలవవలసి వస్తే మరొక చవక స్టాక్ కొని దానిని తొలిపించుకుని, అసలుదాన్ని పక్కన పెట్టుకోమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

మోసిన్‌కు ట్రిగ్గర్ మార్చమని వచ్చేవారిలో సగం మందికి నిజానికి కావలసింది శుభ్రం చేయడం మాత్రమే. దాని యంత్రాంగమంతా ఒక రేకు స్ప్రింగ్, ఒక స్క్రూ, ఒక పిన్ను. ఆ సందుల్లో గడ్డకట్టిన గ్రీజు వల్లనే ట్రిగ్గర్ ఇసుకలో లాగుతున్నట్లు ఉంటుంది. ముప్పై డాలర్ల పని అది. సానరాయితో ఇంట్లోనే రుద్ది నునుపు చేద్దామని మాత్రం పూనుకోకండి, పైపై గట్టి పొర పోతే లోపలి మెత్తటి ఇనుము త్వరగా అరిగి, నెల తరువాత మీరు రుద్దినదానికంటే అధ్వానంగా తయారవుతుంది. స్విట్జర్లాండ్ కె31 తెచ్చి ట్రిగ్గర్ మార్చమనేవారిని వెనక్కి పంపుతాను, దాని ట్రిగ్గర్ కంటే మంచిది నేను వేయలేను. సోవియట్ రైఫిల్ ఎస్‌కేఎస్ ట్రిగ్గర్ల జోలికి పోను.

లీ ఎన్‌ఫీల్డ్‌కు కూడా ఇకపై ట్రిగ్గర్ మార్చను. మనవాళ్లు త్రీ నాట్ త్రీ అని పిలిచే రైఫిల్ ఇదే, మా ఊరి పోలీస్ స్టేషన్ ముందు కాపలా కానిస్టేబుల్ భుజాన చూసిందే. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ముద్ర ఉన్నవి, అక్కడే 7.62 తూటాకు చేసిన 2ఎ1 రైఫిళ్లు ఇక్కడి మార్కెట్లో కనబడితే మనవాళ్లు మక్కువతో కొంటారు, నేనూ ఒకటి కొన్నాను. వీటిలో ట్రిగ్గర్ రైఫిల్ దేహానికి కాకుండా కింద ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు కమ్మీకి, అంటే ట్రిగ్గర్ గార్డుకు, వేలాడుతుంది, సియర్ మాత్రం దేహంలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్నది చెక్క. చెక్క కుంగినా ఉబ్బినా ట్రిగ్గర్ లాగే తీరు మారిపోతుంది. బ్రిటిష్‌వారు రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇదే రైఫిల్‌లో నంబర్ 4 మార్క్ 2 అనే రకంలో ట్రిగ్గర్‌ను దేహానికే బిగించారు. నా ఇంట్లో గోడకు ఆనించి ఉన్న రైఫిలే చెప్పగలిగిన సంగతిని హ్యూస్టన్ బురద దాకా వెళ్లి తెలుసుకున్నాను. ఎన్‌ఫీల్డ్ ట్రిగ్గర్ సరిగా లేదంటే నేను ముందు స్టాక్‌నే చూస్తాను, సాధారణంగా జబ్బు అక్కడే ఉంటుంది.

నేను సర్దిన స్క్రూల మీద ఎర్ర లక్క బొట్టు ఉంటుంది. ఇప్పటికే వెనక్కి వచ్చిన ఆరు రైఫిళ్లలో రెండింటికి ఆ బొట్టు పగిలి ఉంది. ఎవరివో రాయను గానీ, దయచేసి ఆ స్క్రూలు తిప్పకండి. ఆ ఆరింటిలో నాలుగు బాగున్నాయి, ఒకదానిలో చెక్క దాదాపు తగులుతోంది, మరొకదానిలో నిజంగానే తగులుతోంది.

శనివారాలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఈ పని కోసమే దుకాణం తెరిచి ఉంచుతాను. హ్యూస్టన్ మిత్రుడికి డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను. సందు వెడల్పు చేసి, చెక్కకు నూనె పట్టించి, కొత్త ట్రిగ్గర్ మళ్లీ బిగిస్తానన్నాను గానీ ఆయన వద్దన్నారు. పాతదే వేసి ఇచ్చాను, కొలిస్తే ఆరున్నర పౌండ్లు చూపించింది.