గ్రౌండులో పరుగు గురించి

చిరంజీవి మురళికి,

మీ నాయన ఆశీర్వదించి రాసేది. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా క్లాసులో ఉన్నానంటావు. తెల్లారకముందే యూనివర్సిటీ గ్రౌండులో పరిగెత్తుతా కనబడినావని సరోజత్త చెప్పింది. ఒంటికి మంచిదే. నేనేమీ అడగడం లేదు.

ఇక్కడ వానలు బాగున్నాయి. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లని చూసి, అదంతా తుపాకులకేనని మన వీధిలో వాదన. కొత్త విమానాలు, ఓడలు, ఫిరంగులు కొనే పద్దు 1.80 లక్షల కోట్లే. పెన్షన్లకు 1.60 లక్షల కోట్లు పోతుంది. 2022 జూన్‌లో పెన్షన్ లేకుండా నాలుగేళ్లకు సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం తెచ్చినప్పుడు సైన్యం పడుచుగా ఉండాలన్నారు. కావచ్చు. పెన్షన్ పద్దు తగ్గించుకునే దారి కూడా అదేనని నా లెక్క.

కొనే పద్దు పెరిగినా సరుకు రావాలి కదా. మన దేశంలో చేసే యుద్ధవిమానం తేజస్ మార్క్-1ఏ చూడు. 83 విమానాలకు సర్కారు విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌తో 2021 ఫిబ్రవరిలో సుమారు 48 వేల కోట్ల ఒప్పందం. 2024 మార్చిలో మొదటిది అందాలి. బెంగళూరులో బాడీలు సిద్ధమైనాయి, ఇంజను లేదు. అది అమెరికా జీఈ కంపెనీది, ఎఫ్-404. ఏళ్ల తరబడి ఆర్డర్లు లేక వాళ్లు ఆ లైను ఆపేసినారు. మళ్లీ నడపాలంటే విడిభాగాలు ఇచ్చే వాళ్లందరినీ కూడగట్టాలి. మొదటి ఇంజను 2025 మార్చిలో వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో పాత యుద్ధవిమానాలు మిగ్-21లు సెలవు తీసుకున్నాయి. వైమానిక దళంలో 42 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల జట్లు, ఉండాల్సిన చోట 29 మిగిలినాయి. చేతిలో డబ్బుంటే చాలనుకునే వాళ్లకు ఇది చెప్పు.

సరే, నువ్వు పరిగెత్తేది దేనికో నాకు తెలియదనుకో. అగ్నిపథ్‌లో చేరే అగ్నివీర్‌కు మొదటి ఏడు జీతం 30 వేలు. 30 శాతం సేవానిధికి, అంటే చివర్లో ఇచ్చే మొత్తానికి, కోసి చేతికి 21 వేలిస్తారు. నాలుగేళ్లకు నీ వాటా, సర్కారు వాటా కలిసి 10.04 లక్షలు, పైన వడ్డీ. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగతా వాళ్లు అయిదో ఏడు ఏం చెయ్యాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి, అందుకే డిగ్రీ మధ్యలో వదలొద్దు. ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చినాను, ఇంతటితో ఆపుతా.

సైన్యంలోకి ఎంపిక చేసే ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో అయితేనే 60 మార్కులు. పది పుల్‌అప్స్‌కు 40. ఊపిరి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలి. రాత పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత ఉంది, గుడ్డిగా పెట్టొద్దు. ర్యాలీకి ముందు చెవుల్లో గుబిలి డాక్టరు దగ్గర తీయించుకో, పిన్నీసుతో గెలకొద్దు. భుజం మీద పచ్చబొట్టు గిట్టా పొడిపించుకున్నావా? ఒప్పుకోరు. పొద్దున రాగిజావ తాగు, ఉత్త కడుపుతో పరిగెత్తొద్దు.

నీ టెన్త్ మార్కుల లిస్టు, నేటివిటీ సర్టిఫికెట్ బీరువాలోనే ఉన్నాయి. ఒరిజినల్స్ లేనిదే ర్యాలీలో ముందుకు పోనివ్వరు. నేను కొరియర్ చెయ్యను. ఆదివారం చిత్తూరు బస్సెక్కి వచ్చి తీసుకుపో.

మీ నాయన