పన్నెండేళ్ల బెంజి కొనాలా, వద్దా?

సంపాదకులకు,

బెంగళూరు నుంచి అనంతపురానికి పాత బెంజిలు, బీఎండబ్ల్యూలు, ఆడీలు కేఏ నంబర్లతో వస్తూనే ఉన్నాయి. కొత్తగా ఉన్నప్పుడు 45 లక్షలు పలికిన కారు పన్నెండేళ్లకు 6, 7 లక్షలకు దొరుకుతుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ‘చిన్న రిపేరు ఉంది, పాతిక వేలు పెడితే సరిపోతుంది’ అనే మాట కూడా దాంతోపాటే వస్తుంది. కారు ధర పడిపోయింది గాని దాని సామాను ధర పడలేదు. హెడ్‌లైటు, గేరుబాక్సు, సస్పెన్షన్ ఇప్పటికీ 45 లక్షల కారువే. కాబట్టి ఆ ‘చిన్న రిపేరు’ ఏదో తేలకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా తగిలితే ఇంకో రోజు రావడమే మేలు, ఎందుకంటే ఇంజను లోపాలు ఎక్కువగా బయటపడేది చల్లగా ఉన్నప్పుడు మొదటి నాలుగైదు సెకన్లలోనే. గొలుసు ఊగినట్టు గలగలమంటే జాగ్రత్త. 2007-2011 మధ్య తయారైన బీఎండబ్ల్యూ రెండు లీటర్ల డీజిల్ ఇంజను, మెకానిక్‌లు ఎన్47 అనేది, అలా మోగితే బేరం వదిలేయండి. దాని టైమింగ్ చైన్ (వాల్వులను నడిపే గొలుసు) ముందు వైపు కాదు, వెనక గేరుబాక్సు వైపు ఉంటుంది. గైడ్లు అరిగి చైన్ వదులైతే మార్చడానికి ఇంజన్నో గేరుబాక్సునో దించాలి. తెగిందా, పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజనే పోతుంది.

తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి చూడండి. మీగడలాంటి తెల్లటి జిడ్డు పట్టి ఉంటే ఆయిల్‌లో కూలెంట్ (ఇంజను చల్లబరిచే ద్రవం) కలుస్తోందేమోనని హెడ్ గ్యాస్కెట్‌నో ఆయిల్ కూలర్‌నో అనుమానించాలి. ఆ పక్కనే కూలెంట్ ట్యాంకు. మన దగ్గర దీన్ని మిగతా ఊళ్లకంటే జాగ్రత్తగా చూడాలి. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున ఎంత గార పడుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. కూలెంట్ తగ్గినప్పుడు ఆ నీళ్లే పోస్తే అదే గార రేడియేటర్ సన్న గొట్టాల్లో, థర్మోస్టాట్ మీద పేరుకుంటుంది. ట్యాంకు మూతి చుట్టూ తెల్లటి పొర కనిపించిందంటే లోపల ఇంకా ఎక్కువ ఉన్నట్టే. ఈ కార్లలో ట్యాంకు, పైపుల జాయింట్లు, థర్మోస్టాట్ హౌసింగ్ చాలావరకు ప్లాస్టిక్‌వి. పదేళ్లు ఇంజను వేడి, పైన మన ఎండ తిన్నాక అవి బిస్కెట్టులా విరుగుతాయి. కూలెంట్ పోయినా గమనించకుండా నాలుగు కిలోమీటర్లు నడిపితే అల్యూమినియం హెడ్ వంకర తిరుగుతుంది. కారు ఇంకే విధంగా నచ్చినా సరే, ట్యాంకు, మూత, థర్మోస్టాట్, పైపులు, వాటర్ పంపు ఒకేసారి మార్చే ఖర్చును ధరలో కలిపి లెక్కేయండి. లోపల బాగా కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి.

బెంజి ఎస్ క్లాస్, ఆడీ క్యూ7 లాంటి వాటిలో స్ప్రింగులకు బదులు గాలిసంచులుండే ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. రబ్బరు గాలిసంచి మడతల దగ్గర పగిలి గాలి కారుతుంది. పట్టుకోవడానికి టేపు చాలు. సాయంత్రం చదునైన చోట నిలిపి నాలుగు చక్రాల పైనా ఫెండర్ (చక్రం పై రేకు) అంచు నుంచి నేలకు ఎంతుందో కొలిచి రాసుకోండి. తెల్లారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల అంగుళం దిగితే అక్కడ లీకు ఉంది. అలాగే తిప్పితే పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా ఆడి కాలిపోతుంది. గాలిసంచితో కలిసి వచ్చే కంపెనీ స్ట్రట్ ఒక్కోటి లక్షకు తక్కువ రావడం కష్టం, పైగా రెండో వైపుదీ అదే వయసుది. అవి తీసేసి మామూలు స్ప్రింగులు వేయిద్దామనే సలహా వింటే డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక లైటు వదలదు, కారు తీరూ మారిపోతుంది. స్ప్రింగులే కావాలంటే కంపెనీ నుంచి స్ప్రింగులతో వచ్చిన మోడలే చూసుకోవాలి.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెబితే నమ్మకండి. బీఎండబ్ల్యూలకు, కొన్ని ఆడీలకు ఆ బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. దాని ఆరు గేర్ల బాక్సులో అడుగు పళ్లెం, ఫిల్టరు కలిసి ఒకే ప్లాస్టిక్ ముక్క, మొత్తం మార్చాల్సిందే. కొలత పుల్ల ఉండదు. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ 30-50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింది నుంచి లెవెల్ చూడాలి. లిఫ్టు, స్కానరు రెండూ లేని షెడ్డులో ఈ పని చేయించకూడదు. ట్రయల్ పది నిమిషాలతో ముగించకండి. మిట్టమధ్యాహ్నం ఏసీ పూర్తిగా పెట్టి సప్తగిరి సర్కిల్ రద్దీలో తిప్పి, ఆ తర్వాత హైవే ఎక్కండి. బాక్సు బాగా వేడెక్కాక డీ (ముందుకు) నుంచి ఆర్ (వెనక్కి)కు మార్చితే దబ్బున తగలడం, రెండు సెకన్లు తటపటాయించడం మంచి లక్షణాలు కావు.

తాళం తిప్పగానే ఇంజను, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగి తర్వాత ఆరాలి. అసలు వెలగని లైటు ఆరిపోని లైటుకంటే ప్రమాదం, ఎవరో దాన్ని మూసేసి ఉండొచ్చు. చవక బ్లూటూత్ స్కానరు ఇంజను కోడ్లు మాత్రమే చదువుతుంది. ఆ బ్రాండుకు తగిన స్కానరుతో గేరుబాక్సు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు కూడా చూపించండి. రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) ‘పూర్తికాలేదు’ అని చూపిస్తే కోడ్లు ఈమధ్యే చెరిపి ఉండొచ్చు. మీటరు వెనక్కి తిప్పినా కొన్ని మోడళ్లలో పాత లెక్క వేరే మాడ్యూల్లో మిగిలే ఉంటుంది.

వరదలో మునిగిన కారైతే బాగుచేసే మాటే వద్దు. 2015లో చెన్నై, 2022 సెప్టెంబరులో బెంగళూరు మునిగినప్పుడు ఖరీదైన కార్లూ నీళ్లపాలయ్యాయి. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, సీట్లు మార్చినా బెల్టు మొదట్లో బురద గీత ఉండిపోతుంది. స్పేర్ చక్రం గుంటలో, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి చూడండి.

కాగితాలకూ ఖర్చుంది. కర్ణాటక రవాణా శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కారు మీద అప్పుంటే అది తీరిందని ఫైనాన్సు వారు ఇచ్చే ఫారం 35 చేతికి రావాలి. ఇక్కడ జీవితకాల పన్ను మీరు కొన్న 6 లక్షల మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద, వయసును బట్టి శాతం తగ్గించి వేస్తారు. అది రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే బేరం మాట్లాడండి. రిజిస్ట్రేషనుకు 15 ఏళ్లు దగ్గరపడిన కారైతే రెన్యువల్ ఫీజు, ఫిట్‌నెస్ కూడా కలపండి. బీమా ఉన్నా, జీరో డిప్రిసియేషన్ (అరుగుదల కింద కోత లేకుండా చెల్లించే కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మనదే. పాత కార్లకు ఆ కవర్ దొరకడం అరుదు.

నా లెక్క ఇది. 6 లక్షలకు కొంటే మరో 3 లక్షలు విడిగా బ్యాంకులో ఉండాలి. లేకపోతే కొనకండి. ఆ డబ్బు ముందు బ్రేకులు, టైర్లు, కూలింగ్‌కు, తర్వాత బుష్‌లు (సస్పెన్షన్ జాయింట్ల రబ్బర్లు), గేరుబాక్సు ఆయిల్‌కు. పెయింటు, అల్లాయ్ చక్రాలు చివర. బుష్‌లు, బ్యాటరీ, టైర్లు, (హెడ్ గ్యాస్కెట్ కాని) చిన్న గ్యాస్కెట్ లీకు మాత్రమే ఉండి, ప్రతి సర్వీసుకూ బిల్లున్న కారైతే ధైర్యంగా కొనవచ్చు. ఊళ్లోనే తిరిగేవారు పెట్రోలు చూసుకోండి. దగ్గరి ప్రయాణాల్లో డీజిల్ కారు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసితో పూడిపోతుంది. దారిలో ఆగితే తాడు కట్టి లాగించకండి. చక్రాలు నేల మీద ఉండగా లాగితే ఆటోమేటిక్ బాక్సు లోపల నూనె అందక పాడవుతుంది. ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. క్లాసిఫైడ్స్‌లో ఇలాంటి కార్ల ప్రకటన వేసేటప్పుడు తయారైన సంవత్సరం, ఎన్నో యజమాని, ఎన్‌ఓసీ చేతిలో ఉందా లేదా అనే మూడు వివరాలు తప్పనిసరి చేయండి. ఈ మూడూ ఉంటే మన జిల్లా వాళ్లు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసే ముందే కారు చూడదగ్గదో కాదో తేల్చుకోగలరు.

— ఒక ఆటో ఎలక్ట్రీషియన్, అనంతపురం