తడిసిన రికార్డులు, హాల్ విల్నర్, మీ అందరి సాయం

ఈ ఏప్రిల్ 7 సాయంత్రం కూడా మా ఇంట్లో అమెరికన్ సంగీత నిర్మాత హాల్ విల్నర్ రికార్డులు మోగాయి. దానికి కారణం మీరే.

మార్చి చివర్లో వానలకి న్యూజెర్సీలోని మా ఇంటి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. తెల్లారి చూసేసరికి కింది అరలోని ఎల్పీ రికార్డులన్నీ నానిపోయి ఉన్నాయి. ఏడుపొచ్చింది. తెలిసినవాళ్ళందరికీ మెసేజ్ పెట్టాను. గంటలోపే ఫోన్లు మొదలయ్యాయి.

ముందుగా డాలస్ అన్నయ్యకి థాంక్స్ చెప్పాలి. "కంగారు పడకు, నీళ్ళకి రికార్డుకేం కాదు, పాడయ్యేది కాగితమే. లోపలి కవర్లు ఆరకముందే తీసెయ్, ఆరితే అతుక్కుపోతాయి" అని వీడియో కాల్‌లో రెండు గంటలు నాతోనే ఉన్నారు. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బట్ట, గీతల వెంటే గుండ్రంగా తుడవడం, మధ్యలో లేబుల్‌ని వీలైనంత తక్కువ తడపడం, నీడలో నిలబెట్టి ఆరబెట్టడం, అన్నీ చెప్పి చేయించారు. నేను హెయిర్ డ్రయర్ తీస్తే, వేడికి వంగిపోతాయని ఆపారు.

పక్క వీధి అక్క వాళ్ళ నాన్నగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. నేను బాబాయిగారూ అంటాను. ఘంటసాల తప్ప ఇంకెవరినీ పెద్దగా వినరు. అట్ట కవర్లన్నీ తీసుకెళ్ళి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ నాలుగు రోజులు కూర్చున్నారు.

ఆ రికార్డుల కోసం అంత బాధ ఎందుకని కొందరు అడిగారు. చెప్తాను. విల్నర్ ఫిలడెల్ఫియాలో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన రికార్డుల నిర్మాత. టీవీలో సాటర్‌డే నైట్ లైవ్ అనే కామెడీ షో స్కెచ్‌లకి ఏళ్ళ తరబడి సంగీతం ఎంపిక చేశారు. కానీ నాకు ఆయనంటే 1981 నాటి ఆల్బమ్ 'అమర్‌కార్డ్ నీనో రోటా'. ఇటాలియన్ దర్శకుడు ఫెలీనీ సినిమాలకి స్వరకర్త రోటా చేసిన సంగీతాన్ని తీసుకుని ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇచ్చారు. జాకీ బయార్డ్ ఒంటరి పియానో, స్టీవ్ లేసీ ఒంటరి సాక్సఫోన్, కార్లా బ్లే బృందం, అదే రికార్డులో బ్లాండీ అనే రాక్ బృందం గాయని డెబ్బీ హ్యారీ! కాగితం మీద చూస్తే పొంతనే లేదు. వింటే ఎక్కడా అతుకు కనపడదు. స్వరకర్త ఒక్కరే, మిగతావాళ్ళు ఎవరి గొంతుతో వాళ్ళు వచ్చారు. నా లెక్కలో ఆయన చేసినవాటిలో ఇదే గొప్పది.

తర్వాత థెలోనియస్ మంక్, కర్ట్ వైల్, చార్లెస్ మింగస్ అనే స్వరకర్తల సంగీతానికీ అలాగే చేశారు. 1988లో డిస్నీ పాటల రికార్డు 'స్టే అవేక్'లో రింగో స్టార్, టామ్ వెయిట్స్, సన్ రా ముగ్గురూ ఉన్నారు. 'నైట్ మ్యూజిక్' అనే టీవీ షోలో లెనర్డ్ కోహెన్ పాటకి సనీ రోలిన్స్ సాక్సఫోన్ వాయించింది కూడా ఆయన పుణ్యమే. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

2020 ఏప్రిల్ 6న ఆయనకి 64 నిండాయి. మర్నాడే పోయారు. న్యూయార్క్ కోవిడ్‌తో అల్లాడుతున్న రోజులు, ఆయనలోనూ ఆ లక్షణాలే. రాక్ గాయకుడు మార్క్ బోలన్ పాటలతో చేసిన ఆఖరి సంకలనం అదే సెప్టెంబరులో వచ్చింది. ఆ ఏడాది నుంచే మా ఇంట్లో ఏప్రిల్ 7న ఆయన రికార్డులు పెట్టుకుంటున్నాం.

నానిన అర విరిగి మీద పడటంతో కర్ట్ వైల్ ఎల్పీ ఒక్కటి పగిలిపోయింది. ఆ మాట విని బోస్టన్‌లో ఉన్న ఒక చెల్లెమ్మ తన సొంత కాపీ పంపింది, తిరిగివ్వొద్దని చీటీ పెట్టి మరీ. రాక్ గాయకుడు లూ రీడ్ పాడిన పాట ఉన్న వైపు ఇప్పటికి ఆరుసార్లు విన్నానమ్మా.

ఆ సాయంత్రం ఎనిమిది మందిమి కూర్చున్నాం. మంక్ రికార్డులో ఒకచోట ఇంకా చిటపటలున్నాయి, మిగతావన్నీ శుభ్రంగా పలికాయి. జాకీ బయార్డ్ పియానో అయిపోగానే బాబాయిగారు, "ఇది ఇంకోసారి వెయ్యమ్మా" అన్నారు. వేశాను.

వెళ్తూ వెళ్తూ, కాకినాడ నుంచి తెచ్చుకున్న పాత ఎల్పీలు కొన్ని దుమ్ముపట్టి ఉన్నాయని చెప్పారు. డిస్టిల్డ్ వాటర్ పట్టుకుని ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను.