ఆ కోతుల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రేడియేషన్ జబ్బు (ఒంటికి మితిమీరి రేడియేషన్ తగిలితే వచ్చేది) మందుల వార్తల్లో జంతువుల ఊసే ఉండదు, అదే నా బాధ. మనుషులకు కావాలని రేడియేషన్ ఇచ్చి మందు పరీక్షించలేం కాబట్టి, జంతువుల మీద ఫలితాలు చూసి అనుమతి ఇచ్చేలా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో రూల్ తెచ్చింది. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పెరగడానికి మన దగ్గరా ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌కు 2015లో ఈ జబ్బుకూ అనుమతి వచ్చింది అలాగే. 46 రీసస్ కోతులకు రేడియేషన్ ఇచ్చారు. 60 రోజులకు మందు పడినవాటిలో 79 శాతం బతికాయి, పడనివాటిలో 41 శాతమే.

2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు షాపులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం వల్ల మనిషి ప్రాణం పోయింది, అందుకే పరీక్షలు ఆపమని నేను అనను. కానీ రక్తం తయారుచేసే ఎముక మజ్జ దెబ్బతిని, రక్తం గడ్డకట్టక పడి ఉన్న జంతువుకు నొప్పి తెలియకుండా చూడాలి, ఇక కోలుకోదని తెలిశాక బాధ పొడిగించకూడదు. ఏ పరీక్షలో ఎన్ని పోయాయో కూడా వార్తలో రాయండి.

- ఒక పాఠకురాలు, వరంగల్