అడిగిన దానికి జవాబు ఇవ్వకుండానే మా ఫిర్యాదును మూసివేయడం గురించి

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

అనంతపురం నుంచి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

మా సైన్సు క్లబ్బు పిల్లల ప్రాజెక్టుల కోసం మీ సంస్థ నుంచి 5 మిల్లీమీటర్ల ఎరుపు డిఫ్యూజ్డ్ (తొడుగే రంగులో, మసకగా ఉండే) ఎల్‌ఈడీలు తెప్పించాను. వచ్చినవి మాత్రం వెలిగించి చూస్తే తప్ప రంగు తెలియని పారదర్శకపు ఎల్‌ఈడీలు, అవీ ఏ చీటీ లేని ఒకే సంచిలో కలగలిపినవి. సరుకు మారిపోవడం ఎక్కడైనా జరిగేదే కనుక దాని మీద నాకు కోపం లేదు. నా ప్రశ్నను మీ సిబ్బందిలో ఒక్కరైనా పూర్తిగా చదవకపోవడమే నన్ను ఈ లేఖకు పురికొల్పింది.

ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. నీలం, తెలుపు రంగుల వాటికి 3 వోల్టులు, చాలాసార్లు ఆపైన కావాలి. అందుకే రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే మా నమూనాల్లో కొన్ని చక్కగా వెలుగుతుండగా, కొన్ని మసకగా ఉండి సెల్లు కాస్త వాడగానే ఆరిపోతున్నాయి. సంచిలో ఏ ఏ రంగులున్నాయి, ఒక్కోదానికి ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు అన్నవే నేను అడిగాను. ఆ అంకెలు తెలిస్తే కరెంటును అదుపు చేసే రెసిస్టరు సంగతి నేనే చూసుకుంటాను: ఉదాహరణకు 5 వోల్టుల సరఫరాలో ఎరుపు ఎల్‌ఈడీ తీసుకునే 2 పోగా మిగిలిన 3 వోల్టులను 20 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 150 ఓములు వస్తుందని మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు.

మొదట ఫోనులో మాట్లాడినావిడ బల్బును ఏ గదిలో పెడతారని, పిన్ను హోల్డరా, స్క్రూ హోల్డరా అని అడిగారు. ఇవి ఇంటి బల్బులు కావని, సర్క్యూటులో టంకం వేసే చిన్న ఎల్‌ఈడీలని నేను ఓపికగా వివరించగా, సంబంధిత విభాగం వారు ఫోను చేస్తారని చెప్పి పెట్టేశారు. ఎవరూ చేయలేదు. తర్వాత ఒకాయన ప్యాకెట్టు ఫొటో పంపమంటే పంపాను. ఆ ఫొటోనే మరొకాయన మళ్లీ అడిగితే మళ్లీ పంపాను. మూడో ఆయన అన్నీ వెలుగుతుండగా తీసిన ఫొటో కావాలన్నారు. కొన్ని వెలగడం లేదన్నదే నా ఫిర్యాదు అయినప్పుడు ఆ ఫొటో ఎక్కడి నుంచి తేగలను? టెక్నికల్ విభాగానికి కలుపుతామన్న రోజు చాలాసేపు పాట వినిపించి లైను తెగిపోయింది. చివరకు సమస్య పరిష్కారమైందని, తమ సేవకు మార్కులు వేయమని సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే వాపసు గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువంతా మీ జవాబు కోసం ఎదురుచూస్తుండగానే గడిచిందన్న మాటకు బదులు లేదు. వచ్చే కొనుగోలుపై తగ్గింపు కూపను మాత్రం పంపారు.

ఒకప్పుడు విడిభాగాల కోసం మేము బెంగళూరు ఎస్పీ రోడ్డు దాకా వెళ్లేవాళ్లం. అక్కడి దుకాణదారు ఎల్‌ఈడీని చేతిలోకి తీసుకుని, మీటరు పెట్టి చూపించి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పి మరీ ఇచ్చేవాడు. మీ సరుకు ఇంటికే వస్తుందని ఆ అలవాటు మానుకుని, మా చుట్టుపక్కల మండలాల ఉపాధ్యాయులకు కూడా మీ పేరే చెప్పాను. ఈ ప్యాకెట్టు వల్ల మా విద్యార్థిని ఒకమ్మాయి తన టంకంలోనే తప్పుందనుకుని, కన్నీళ్లు పెట్టుకుని, బోర్డు అంతా ఊడదీసి మళ్లీ అతికించింది. ఆ పిల్లకు నేను చెప్పవలసిన సమాధానం మీ దగ్గర ఉంది.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఎల్‌ఈడీల గురించి తెలిసిన మనిషి చేత నా ప్రశ్నకు వ్రాతపూర్వకంగా జవాబు ఇప్పించి, మేము కోరిన సరుకును వెంటనే పంపించండి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915లో ఫిర్యాదు నమోదు చేసి, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. నేను నివసించే జిల్లాలోనే దావా వేయడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పించింది; 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. మీ సిబ్బంది పంపిన ప్రతి సందేశాన్నీ భద్రపరిచాను.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం