సంచి లేని రోజున సూదులు పట్టిద్దాం

సంపాదకులకు నమస్కారం.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు ఆ తరగతుల మధ్య ఎప్పుడైనా ఓ 10 రోజులు పుస్తకాల సంచి పక్కన పెట్టి, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని జాతీయ విద్యావిధానం–2020 చెబుతోంది. ఇళ్లలో ఉన్న మామ్మల్ని, అమ్మమ్మల్ని కూడా ఆ వరసలో చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. మాలో చాలామందికి రెండు సూదులతో ఉన్ని అల్లిక వచ్చు. నేర్పమని అడిగేవాళ్లే లేరు.

మన సిక్కోలు నుంచి సైన్యంలోకి ఎంతమంది వెళ్తారో మీకు తెలియంది కాదు. మావారూ వెళ్లారు. పెళ్లయిన కొత్తలో పఠాన్‌కోట్ క్వార్టర్స్‌లో పక్కింటి పంజాబీ ఆవిడ, చలికాలం ఎండలో మంచం వేసుకుని నా చేత సూదులు పట్టించింది. నాకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. సీదా అంటే తిన్నని కుట్టు, ఉల్టా అంటే తిరగేసిన కుట్టు. ఆ రెండు మాటలతోనే స్వెట్టర్ దాకా వెళ్లాం. ఇప్పుడు ఏడో తరగతి చదివే మా మనవరాలికీ ఆ మాటలతోనే నేర్పుతున్నాను.

కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు సూది దగ్గరే జాగ్రత్త పడాలి. మన దుకాణాల్లో సూదులు నంబర్లతో ఇస్తారు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, 6 అంటే 5 మిల్లీమీటర్లు. చిన్నపిల్ల చేతికి 6 నంబరు, లావు ఉన్ని, అదీ లేత రంగుది ఇవ్వాలి. నల్ల ఉన్నిలో కుట్టు కళ్లకు ఆనదు. 20 కుట్లు ఎక్కించి అన్ని వరుసలూ సీదాయే అల్లించండి. గుడ్డ చాపలా చదునుగా వస్తుంది. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా వేస్తే నున్నగా ఉంటుంది కానీ అంచులు చుట్టుకుపోతాయి. అది ఆ అల్లిక స్వభావం. పిల్ల మాత్రం తానే పాడుచేశాననుకుని ఏడుస్తుంది.

కొత్తలో పిల్లలు టెన్షన్‌తో దారం బిగించేస్తారు. కుట్టు సూది మీద జారేలా ఉండాలని పక్కన కూర్చుని చూపించాలి. 20 కుట్లు ఉన్నట్టుండి 22 అవుతాయి. వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పోతే మొదటి కుట్టే రెండుగా కనిపిస్తుంది, అందుకని వరుసకోసారి లెక్కపెట్టించాలి. కుట్టు జారితే మొత్తం ఊడదీయక్కర్లేదు, కొన కొక్కెంలా ఉండే క్రోషియా సూదితో పైకి లాగొచ్చు. ఆ సూదిని మీరు పట్టొద్దు, పిల్ల చేతికే ఇవ్వండి.

మనవడూ నేర్చుకుంటానన్నాడు. ‘మగపిల్లాడికెందుకు?’ అని చుట్టాల్లో ఒకరు అన్నారు. ‘పొందూరులో మగ్గం నేసేది మగాళ్లు కాదేటి?’ అన్నారు మావారు. ఆ పొందూరులోనే వాలుగ చేప దవడతో పత్తి ఏకడం తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకున్న పనే, బడిలో చెప్పింది కాదు. మా ఇంట్లో మావారు ఉన్ని ఉండలు చుట్టిపెడతారు, కోడలు రాత్రి వంటిల్లు సర్దుకుని వచ్చి రెండు వరుసలు వేస్తుంది. ఆ గంట ఫోన్లు ఎవరికీ గుర్తురావు.

ఈ ఉక్కపోత ఊళ్లో ఉన్ని ఎందుకని అడుగుతారు. నూలు దారంతోనూ ఇలాగే అల్లొచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టేటప్పుడు తలకు టోపీ పెడతారు, పసివాళ్లకు తల నుంచి వేడి ఎక్కువ పోతుంది కాబట్టి. చేయి తిరిగిన పిల్లలు మెత్తని నూలుతో అలాంటి టోపీలు అల్లగలరు. సీతంపేట ఏజెన్సీలో చలికాలం పిల్లలకు స్వెట్టర్లూ కావాలి.

మీ పత్రిక పిల్లల పేజీలో వారానికో చిన్న అల్లిక, బొమ్మలతో, తెలుగులో వేయండి. ప్రధానోపాధ్యాయులు పిలిస్తే మా పేటలోని మున్సిపల్ బడికి నేను వస్తాను. సూదులు నావే తెస్తాను. పిల్లకో ఉన్ని ఉండ, కూర్చోవడానికి వెలుతురున్న వరండా చూపిస్తే చాలు.

– ఒక మాజీ సైనికుడి భార్య, శ్రీకాకుళం