అమలాపురం మండువా ఇంటి గురించి కుటుంబ సభ్యులకు

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. అమలాపురంలోని మన తాతగారి ఇంటి మరమ్మతు మొదలుపెట్టే ముందు, ఆ ఇల్లు ఎలా నిలిచిందో చిన్నవాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువ నీటితో డెల్టాలో వరి నిలకడగా పండటం మొదలయ్యాకే కోనసీమలో ఇలాంటి పెద్ద లోగిళ్లు లేచాయి. మనదీ ఆ పంట డబ్బుతో కట్టినదే. నాలుగు వైపుల పెంకుల మీది వాన ఇంటి నడుమ పైకప్పు లేని మండువాలోకి దిగి, తూము గుండా పెరటి కొబ్బరి చెట్ల పాదుల్లోకి పోయేది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఆ చెట్లన్నీ కూలాయి, పడమటి వసారా పెంకులు ఎగిరిపోయాయి, టేకు దూలాలు మాత్రం చెక్కుచెదరలేదు. వంటింటి గుమ్మం పక్కన పాల లెక్క కోసం నాయనమ్మ వేలితో పెట్టిన సున్నపు గీతలు, నెలాఖరున కొట్టేసిన అడ్డగీతతో సహా, నేటికీ కనిపిస్తాయి. గానుగ సున్నపు (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి పెళ్లలు ఊడతాయి కాబట్టి, ఖర్చు ఎక్కువైనా సున్నంతోనే చేయిద్దామని, ఆ గుమ్మం పక్క గోడను ముట్టవద్దని నా మనవి. పాత ఫొటోలు, దస్తావేజు నకళ్లు ఉన్నవారు దయచేసి ఇక్కడ పెట్టండి.